గ్రాంట్ స్ట్రీట్ మెట్లు

ఏటా డిసెంబరు రాగానే నాకు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో గ్రాంట్ స్ట్రీట్ మీదున్న కౌంటీ (అక్కడి జిల్లా) కోర్టు మెట్లు గుర్తొస్తాయి. నా ఇల్లు కాదు, నేను పని చేసిన చోటూ కాదు. అయినా ముప్పయ్యెనిమిదేళ్ల నుంచీ ఆ మెట్లు నాతోనే ఉన్నాయి.

మేం ఆ ఊరు వెళ్లింది 1983లో. రెండేళ్ల తర్వాత నాకు పని చేసుకునే వీలొచ్చి, గ్రాంట్ స్ట్రీట్ దగ్గర ఒక లాయరు ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని కోర్టు భవనంలోకి వెళ్లేదాన్ని. మధ్యలో పెద్ద పెరడు లాంటి ఆవరణ, చుట్టూ నాలుగు వైపులా రాతి గోడలు. చలికాలంలో లోపలే ఎక్కడో కూర్చునేదాన్ని. రిచర్డ్‌సన్ అనే ఆర్కిటెక్టు గీసిన భవనం అది. 1888లో పూర్తయింది. అది పూర్తయ్యే లోపే, 1886లోనే ఆయన పోయాడు. పక్కనే జైలు. కోర్టు నుంచి జైలుకి వీధి మీదుగా ఒక రాతి వంతెన ఉండేది. దాన్ని అక్కడ 'నిట్టూర్పుల వంతెన' అంటారు. శిక్ష పడ్డవాళ్లు ఆకాశం చూడకుండానే ఇటు నుంచి అటు వెళ్లిపోయేవాళ్లు.

లోపల మెట్లు చూస్తే గుడి గోపురం కింద నిలబడ్డట్టుండేది. ఒకదాని మీద ఒకటి రాతి కమానులు, వాటి మధ్యగా పైకి పోయే విశాలమైన మెట్లు. కౌంటీ మొత్తానికీ అందమైన చోటు అదే. 1985 డిసెంబరులో మొదటిసారి అక్కడ క్రిబ్ చూశాను. పశులపాక, పసిబిడ్డ, మరియమ్మ, యోసేపు, గొర్రెల కాపరులు, ముగ్గురు జ్ఞానులు, పశువులు. పాక మీద రెక్కలు విప్పిన దేవదూత చేతిలో ఒక పట్టీ, దాని మీద లాటిన్ అక్షరాలు. 'సర్వోన్నతమైన స్థలాల్లో దేవునికి మహిమ' అని దానర్థమట. చుట్టూ చిన్న కంచె, కంచెకు ఎర్రటి పూలకుండీలు. కింద ఒక పలక: ఇది హోలీ నేమ్ సొసైటీ వారు ఇచ్చింది అని. కాథలిక్కుల సంఘం అది.

నాకు మా అమ్మ సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువు గుర్తొచ్చింది. అచ్చం అదే శ్రద్ధ. గడ్డి పరచడంలో, బొమ్మని కాస్త పక్కకి తిప్పి నిలబెట్టడంలో ఎవరో రెండు గంటలు మోకాళ్ల మీద కూర్చున్నారని తెలిసిపోతుంది. ఇల్లు వదిలి వచ్చిన రెండేళ్లలో నాకు కళ్లనీళ్లు తిరిగింది ఆ రోజే.

డిసెంబరు మొదటి వారం నుంచి క్రిస్మస్ ముందు దాకా, పని రోజుల్లో మధ్యాహ్నం పూట స్కూలు పిల్లల బృందాలు వచ్చి ఆ క్రిబ్ దగ్గర పాడేవి. ఆ రాతి కమానుల కింద పిల్లల గొంతు ఎంత దూరం పోయేదో చెప్పలేను. నేను పెరుగన్నం తినడం మానేసి వినేదాన్ని.

ఆ క్రిబ్ వెనక చేతుల్లో కొన్ని నాకు తెలిసినవే. మా పక్కింటాయన స్లోవాక్ కుటుంబంలో పుట్టిన కాథలిక్, హోలీ నేమ్ సొసైటీ సభ్యుడు. ఉక్కు మిల్లులో పని చేసి రిటైరయ్యాడు. మా పిల్లలు ఆయన్ని 'తాత' అనేవాళ్లు. ఆ పిలుపుకి అర్థం అడిగి తెలుసుకున్నాక, ఇంకెలా పిలిచినా పలికేవాడు కాదు. ఆయన కొడుకులిద్దరూ మిల్లు పనివాళ్లే. 1986 జూలైలో హోమ్‌స్టెడ్ మిల్లు మూతపడింది. నూరేళ్లు పొగ వదిలిన మిల్లు ఆగిపోతే ఆకాశం శుభ్రపడింది, ఇళ్లలో పొయ్యిలు చల్లబడ్డాయి. ఆ రోజుల్లో మతం అంటే ఏమిటో నేను నేర్చుకున్నది వాళ్ల చర్చి నేలమాళిగలో. శనివారం పొద్దున్నే బల్లలు వేసి పని పోయిన కుటుంబాలకి డబ్బా కూరగాయలు, పిండి, పాలపొడి అట్టపెట్టెల్లో సర్దేవాళ్లు. తాత నన్నూ తీసుకెళ్లాడు. పెన్‌హిల్స్ కొండ మీద మన వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చే వాళ్లలో తెలిసినవాళ్లం నలుగురం కలిసి బియ్యం బస్తాలు పట్టుకెళ్లాం. పెట్టె తీసుకోవడానికి వచ్చిన మగవాళ్లు ముఖం ఎత్తేవాళ్లు కాదు. తాత వాళ్లతో మాట్లాడకుండా, పెట్టెని కారు దాకా తనే మోసుకెళ్లి పెట్టి వచ్చేవాడు. "చేతులు ఖాళీగా ఉంటే మనిషి తల ఎత్తుతాడు" అనేవాడు.

ఆ మిల్లుల లోయలో పాస్టర్లు కొందరు అంతకంటే ముందుకు పోయారు. మిల్లుల్లో పెట్టాల్సిన డబ్బు బయటికి పోతోందని బ్యాంకు లాకర్లలో చచ్చిన చేపలు పెట్టి మరీ నిరసన తెలిపారు. క్లెయిర్టన్‌లో ఒక లూథరన్ పాస్టరు చర్చి వేదిక వదిలి పొమ్మన్న కోర్టు ఆజ్ఞను ధిక్కరించి 1984 నవంబరులో జైలుకి పోయాడు. తాతకి ఆ చేపల పద్ధతి బొత్తిగా నచ్చేది కాదు. కానీ ఆ పాస్టరు సంగతి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే, "జైలుకెళ్లింది తన జీతం కోసం కాదు కదా" అని ఊరుకునేవాడు.

1986 డిసెంబరు 10న కేసు పడింది. అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ అనే పౌరహక్కుల సంస్థ పిట్స్‌బర్గ్ శాఖ, ఊళ్లోవాళ్లు ఏడుగురు కలిసి వేశారు. కోర్టు మెట్ల మీద క్రిబ్ పెట్టనివ్వడమంటే ప్రభుత్వం ఒక మతాన్ని తనదిగా చెప్పుకోవడమేనని వాదన. ఒక వీధి అవతల సిటీ-కౌంటీ భవనం ముందు పెట్టే మెనోరా మీద కూడా అభ్యంతరం చెప్పారు. యూదుల హనుక్కా పండక్కి వెలిగించే దీపపు స్తంభం అది. పద్దెనిమిది అడుగులది, నలభై అయిదు అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన. దాని సొంతదారులు ఛబాద్ అనే యూదుల సంస్థ వారు. దాచడం, నిలబెట్టడం, తీయడం నగరపాలక సంస్థ పని. చెట్టు కింద మేయరు పేరుతో ఒక బోర్డు, నగరం స్వేచ్ఛకు వందనం చేస్తోందని.

మా ఆఫీసులో ఆ వారమంతా ఇదే మాట. అందరూ రోడ్ ఐలండ్‌లో పాటకెట్ ఊరి కేసు చెప్పుకునేవాళ్లు. అక్కడ 1984లో సుప్రీంకోర్టు అయిదు-నాలుగు తేడాతో క్రిబ్‌ని ఒప్పుకుంది. దాని చుట్టూ శాంటాక్లాజ్, బండి లాగే దుప్పులు, ఇంకా ఏవేవో అలంకారాలు ఉన్నాయి కాబట్టి అది మొత్తానికి పండగ అలంకరణే అన్నారు. మా ఆఫీసులో లాయర్లు మెట్ల మీద క్రిబ్ పక్కన ఎన్ని దుప్పులుంటే గెలుస్తామని లెక్కలు వేసేవాళ్లు. తాతకి అది పుండు మీద కారం. "పసివాడు అక్కడ ఉండాలంటే పక్కన ఎర్రటోపీ ముసలాయన జామీను ఉండాలా?" అన్నాడు. ఆయన కోపంలో నాకూ న్యాయం కనిపించింది, ఇప్పటికీ కనిపిస్తుంది. నమ్మకాన్ని అలంకారమని ఒప్పుకుంటే తప్ప చోటివ్వకపోవడం, దాన్ని నమ్మేవాళ్లకి అవమానమే.

నా పక్క బల్ల మీద టైపు చేసే ఆవిడ యూదురాలు, నాకంటే పాతికేళ్లు పెద్ద. మెనోరా నిలిస్తే ఆవిడ సంతోషిస్తుందని నేననుకున్నాను. ఆవిడకి అస్సలు ఇష్టం లేదు. "అది మా అమ్మ కిటికీలో పెట్టుకునే దీపం. వెలిగించేవాళ్లు మేం. మేయరు పేరు కింద ఎందుకు?" అంది. ఆ మాట నాలో చాలా రోజులు తిరిగింది.

అయినా ఆ కేసు వేసినవాళ్ల మీద నాకు లోపల కోపమే. ఎవరికి ఏం అడ్డమొచ్చింది, చూడముచ్చటగా ఉంది, పిల్లలు పాడుతున్నారు, ఇష్టం లేనివాళ్లు చూడకుండా పోవచ్చు కదా అనుకున్నాను. నేనూ హిందువునే, నాకు లేని బాధ వాళ్లకెందుకు అనుకున్నాను.

క్రిస్మస్‌కి మూడు నాలుగు రోజుల ముందు కాబోలు, మధ్యాహ్నం పాటలు నడుస్తున్నాయి. మెట్ల కింద చాలామందే ఉన్నారు. నా పక్కకి ఒక నల్లజాతి ఆవిడ వచ్చి నిలబడింది. తలకి గుడ్డ చుట్టుకుంది, ముస్లిం అని తెలుస్తోంది. చేతిలో మడతలు పడ్డ కాగితం. కొడుకు కేసు పైన ఏదో హాల్లో ఉందట. నేనక్కడ ఉద్యోగినని అనుకుందేమో, చాలా మెల్లిగా అడిగింది. "పైకి ఇంకో దారి ఉందా?"

అంతే. ఎవరినీ ఏమీ అనలేదు. ముఖంలో కోపం లేదు. మెట్లు ఎదురుగానే ఉన్నాయి, ఎవరూ ఆపడం లేదు. కానీ ఆ పాట మధ్యలో నుంచి, ఆ దేవదూత కింద నుంచి, ఆ రోజు ఆ కాగితం పట్టుకుని నడవడం ఆవిడ వల్ల కాలేదు. లిఫ్టు చూపించాను. థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. తలుపు మూసుకున్నాక కూడా నేను అక్కడే నిలబడిపోయాను, ఎందుకంటే ఆ నిలబడటం, ఆ మెల్లిగా పక్కకి జరగడం నేను అంతకు ముందు చూశాను.

గుంటూరు జిల్లాలో ఒక తాలూకా కచేరీలో మా నాన్న గుమస్తా. కచేరీ ఆవరణలో రావిచెట్టు కింద అరుగు మీద ఆంజనేయస్వామి. శనివారం సాయంత్రం తహసీల్దారుగారితో సహా అందరూ చేరి, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చేవాళ్లు. మేం పిల్లలం వడపప్పు కోసం పరిగెత్తేవాళ్లం. రైతులు పట్టాల కోసం వచ్చి కూడా ముందు అక్కడ దణ్ణం పెట్టుకుని అప్పుడు మెట్లెక్కేవాళ్లు. ఆ కచేరీలో బంట్రోతు ఒక సాయిబుగారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. హారతి గంట మోగగానే ఆయన బావి దగ్గరికి వెళ్లి గిలక మీద చెయ్యేసి నిలబడేవాడు. నీళ్లు తోడేవాడు కాదు. ఉత్తినే నిలబడేవాడు. గంట ఆగాక వచ్చి కుర్చీలు సర్దేవాడు. పదేళ్లపాటు ప్రతి శనివారం చూశాను. పిట్స్‌బర్గ్‌లో ఆ మధ్యాహ్నం దాకా, ఆయన అక్కడ ఎందుకు నిలబడ్డాడని ఒక్కసారి కూడా నాకు అనిపించలేదు.

ఆ రాత్రే నాన్నకి ఉత్తరం రాశాను. క్రిబ్ సంగతి, కేసు, ఆవిడ అడిగిన మాట, అన్నీ రాసి చివర అడిగాను: మన సాయిబుగారిని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా నాన్నా?

ఫిబ్రవరిలో జవాబొచ్చింది. 'చి.సౌ. అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది' అని ఎప్పటిలాగే మొదలుపెట్టి, కాగితానికి రెండు వైపులా వానలు, అన్నయ్య బదిలీ, రామారావుగారు తాలూకాలు తీసేసి మండలాలు పెట్టాక కచేరీ ఎలా మారిందో రాశారు. అడుగున రెండే వాక్యాలు. "సాయిబును మేమెవరం అడగలేదమ్మా. అడగాలని నాకు తోచనేలేదు, నువ్వు రాసినదగ్గరనుంచి సరిగా నిద్రపట్టడం లేదు." నాన్న అక్షరాలు ఎప్పుడూ ముత్యాల్లా ఉండేవి. ఆ రెండు వాక్యాలూ వంకరగా ఉన్నాయి.

కేసు నడిచింది. 1987 మే నెలలో మా ఊరి ఫెడరల్ జడ్జి క్రిబ్, మెనోరా రెండూ ఉండవచ్చన్నాడు. మరుసటేడు అప్పీలు కోర్టు రెండూ కూడదంది. చివరికి సుప్రీంకోర్టు 1989 జూలై 3న, వాళ్ల స్వాతంత్ర్య దినానికి సరిగ్గా ముందు రోజు, తీర్పిచ్చింది. మెట్ల మీద క్రిబ్ రాజ్యాంగానికి విరుద్ధమని అయిదుగురు, కాదని నలుగురు. చెట్టు పక్కన మెనోరా ఉండవచ్చని ఆరుగురు, కూడదని ముగ్గురు. మా ఆఫీసులో ఆ కాగితాలు వచ్చినప్పుడు నేనూ కూర్చుని చదివాను. జస్టిస్ బ్లాక్‌మన్ రాసిన దాంట్లో నాకు అర్థమైనంత వరకు సారం ఇది: కౌంటీకి గుండెకాయ లాంటి మెట్ల మీద అది ఒక్కటే ఉంటే, చూసినవాళ్లెవరైనా ప్రభుత్వం అండ లేకుండా అక్కడికి వచ్చిందనుకోరు. చెట్టు, దీపం, బోర్డు కలిసి ఉంటే చూసేవాళ్లకి ఒక మతం కాక ఒక పండగ కాలం కనిపిస్తుంది. మొదటి సగం నాకు ఆ తలగుడ్డ ఆవిడని చూపించింది. రెండో సగం ఇప్పటికీ మింగుడు పడదు. నా పక్క బల్ల ఆవిడ కూడా పెదవి విరిచింది. జస్టిస్ కెన్నెడీ ఇది మతం పట్ల శత్రుత్వమని గట్టిగా రాశాడు. ఆ పేజీలు నేను తాత కోసం జిరాక్స్ తీసుకెళ్లాను.

తాత చదవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు కడుతూ అడిగాడు, "నువ్వేమంటావు?" అని. ఆయన్ని నొప్పించకుండా చెప్పే మాట నా దగ్గర లేదు. అందుకే తలగుడ్డ ఆవిడ సంగతి చెప్పాను. సాయిబుగారి సంగతి చెప్పాను. చాలాసేపు కర్రలు కడుతూనే ఉన్నాడు. చివరికి, "ఆవిడ కొడుకేమయ్యాడు?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నేను కనుక్కోలేదు. ఆ ప్రశ్న నాకు తట్టలేదు, ఆయనకి తట్టింది.

ఆ ఏడు డిసెంబరులో ఆయన క్రిబ్‌ని తన ఇంటి ముందు పెట్టాడు. పాక తనే కట్టాడు, మిల్లు రోజుల పనిముట్లతో. మా పిల్లలిద్దరూ గడ్డి పరిచారు. పశువుల దగ్గర ఆవు విరిగిపోయిందని వెతుక్కుంటుంటే, మా చిన్నది లోపలికి పరిగెత్తి, కొలువు పెట్టెలోంచి మా కొండపల్లి ఆవుని పట్టుకొచ్చింది. పొణికి చెక్క, మంచుకి తడిస్తే పాడైపోతుందని నేను కంగారుపడ్డాను. తాత దాన్ని రాత్రికి రాత్రి రెండు పూతలు వార్నిష్ వేసి పాకలో పైకప్పు కిందకి జరిపి పెట్టాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఎవరైనా ఆవు గురించి అడిగితే, "అది చాలా దూరం నడిచొచ్చింది, ముగ్గురు జ్ఞానుల కంటే దూరం" అనేవాడు. కోర్టు మెట్ల గురించి మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు. శనివారాలు నేలమాళిగలో పెట్టెలు మోయడం మాత్రం నడుం వంగేదాకా మానలేదు.

1999 నుంచి గ్రాంట్ స్ట్రీట్ మీదే, యు.ఎస్. స్టీల్ టవర్ ముందు జాగాలో పెద్ద క్రిబ్ పెడుతున్నారు. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చౌకులో పెట్టేదానికి నకలు. అది ప్రైవేటు స్థలం. కోర్టు నుంచి నడిచివెళ్లే దూరమే. మనుషులంత బొమ్మలు, పిల్లలు చేతులు చాపి గొర్రెల్ని ముట్టుకుంటారు. అప్పటికి తాత పోయి అయిదేళ్లు. మొదటి ఏడు నేను ఒక్కదాన్నే వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. అది చూడటానికి వచ్చినవాళ్లందరూ కావాలని వచ్చినవాళ్లే. ఆ తేడా గాలిలోనే తెలిసింది.

2011లో ఊరు వెళ్లాను. నాన్న అప్పటికి లేరు. పాత కచేరీ ఆవరణకి వెళ్తే, అరుగు పోయి సిమెంటు గుడి వచ్చింది, గోపురం, హుండీ, మైకు. వీధుల్లో, పార్కుల్లో, ప్రభుత్వ స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మతం కట్టడమూ కొత్తగా కట్టనివ్వద్దని మన సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులోనే ఆదేశించింది. ఈ గుడి అంతకు ముందుదే. దణ్ణం పెట్టుకున్నాను. అది నా చిన్ననాటి స్వామి, పెట్టుకోకుండా ఎలా రాగలను. తర్వాత సాయిబుగారి ఇల్లు కనుక్కుని వెళ్లాను.

ఆయనా లేరు. కూతురు స్కూల్లో టీచరు. నన్ను గుర్తుపట్టింది. "రా అక్కా" అని చాప వేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను, అమెరికా మెట్ల దగ్గర్నుంచి నాన్న ఉత్తరం దాకా. ఆ అమ్మాయి తలుపు వైపు చూస్తూ విన్నది.

"ఆ అరుగు శుక్రవారం సాయంత్రాలు కడిగింది మా నాన్నే అక్కా" అంది. "నమాజు నుంచి వచ్చి, బావిలో నీళ్లు తోడి, కొబ్బరిపీచుతో రుద్ది కడిగేవాడు. అది ఆయన పనిలో లేదు. ఎవరూ చెప్పలేదు. రేపు వాళ్ల పూజ, ఆకులు రాలి ఉంటాయి అనేవాడు."

"మరి శనివారం?"

"శనివారం పక్కకెళ్లి నిలబడేవాడు."

బాధపడేవారా అని అడిగాను. ఆ అమ్మాయి లేచి, టీ పెడతానని లోపలికి వెళ్లింది. స్టవ్వు వెలిగించిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు వినిపించాయి. చాలాసేపటికి రెండు గ్లాసులు తీసుకొచ్చి, ఒకటి నా చేతికిచ్చి, చక్కెర సరిపోయిందా అక్కా అని అడిగింది.